కానరాని తరగతిలో పాఠము

మైక్రోఫోను ముందు కూర్చుండి మాటాడు వారికి శ్రోతల ముఖములు కానరావు. ఎదుట నొక గాజుపలక, దాని కావల ఇంజనీరు, గోడమీద గడియారము, ఇంతే మా ప్రపంచము. శ్రోత భోజనము చేయుచున్నాడో, కునుకు తీయుచున్నాడో, విసుగెత్తి మీట త్రిప్పివేసినాడో మాకు తెలియదు. అయినను చెప్పవలసినది చెప్పి, వేళకు ముగించి, లేచి వచ్చుట మాకు అలవాటైన పని. 2020 మార్చి నెలలో కరోనా వ్యాధి మూలమున దేశమందలి కళాశాలలు, విశ్వవిద్యాలయములు మూతపడినప్పుడు, అంతవరకు నల్లబల్ల ముందు నిలిచి పాఠములు చెప్పిన అధ్యాపకులు ఒక్కసారిగా మా స్థితికి వచ్చి చేరిరి. వారి యెదుట నొక తెర, తెరపై పేర్లు మాత్రము కనిపించు నల్లని గడులు, "నా మాట వినబడుచున్నదా?" అని పదే పదే అడుగవలసిన అవస్థ.

కళాశాలల తలుపులు మరల తెరచుకొన్నవి. కాని ఆన్‌లైను పాఠము వెనుకకు పోలేదు. 2017 జూలైలో ఆరంభమైన "స్వయం" పాఠములు, దూరవిద్యా సంస్థల సాయంకాలపు తరగతులు, ఇంటినుండియే చదువదగిన పట్టపు కోర్సులు నేటి విద్యార్థి జీవితములో భాగములైనవి. ఉద్యోగము చేయుచు చదువుకొను యువకునకు, పెండ్లియై అత్తవారింట నున్న యువతికి, పట్టణములో హాస్టలు ఖర్చు భరింపలేని పల్లెటూరి కుటుంబమువారికి ఈ చిన్న తెరయే విశ్వవిద్యాలయపు సింహద్వారము. ఆ ద్వారమువెంట లోనికి వచ్చినవారికి నిజముగా చదువు అబ్బుచున్నదా, లేక హాజరు మాత్రము పడుచున్నదా అనునది చిన్న ప్రశ్న కాదు.

మాకును అధ్యాపకులకును ఒక భేదమున్నది. మేము మాటాడి లేచిపోవచ్చును. వినుటయు మానుటయు శ్రోత యిష్టము. అధ్యాపకునకు ఆ స్వేచ్ఛ లేదు. తాను చెప్పినది అవతలివారి బుద్ధికి చేరినదా, చేరినచో ఏ రూపమున చేరినది అని తెలిసికొనుట ఆయన పనిలో సగపాలు. తరగతి గదిలో ఈ పనిని చాలవరకు ఆయన కన్నులే చేసెడివి. ముడిపడిన కనుబొమలు, వ్రాయుచు వ్రాయుచు ఆగిపోయిన కలము, వెనుక బెంచీలోని గుసగుస, ఇవన్నియు ఆయనకు సమాచారమే. తెరమీద ఇవి లేవు.

మన యిండ్లలో కథ చెప్పు అవ్వకు "ఊ" కొట్టువారు కావలెను. బుర్రకథ చెప్పువానికి ఇరుప్రక్కల వంతవారు కావలెను. వారు అడ్డుప్రశ్న వేయనిదే కథ ముందుకు నడువదు. అవధానికి పృచ్ఛకులు లేకున్న అవధానమే లేదు. వినువాని పాలు లేక చెప్పువాని విద్య రాణింపదని మనవారికి చిరకాలముగా తెలియును. అయితే "ఊ" కొట్టు పిల్లవాడు నిద్రలోను "ఊ" కొట్టగలడు. ఆన్‌లైను తరగతిలో "అర్థమైనదా?" అని అడిగినంతనే తెర ప్రక్కన "యస్ సార్", "యస్ మేడమ్" అను మాటలు వరుసగా వచ్చి పడును. అవి చాలవరకు నిద్రలోని ఊకొట్టుటలే. అవ్వకు ఆ సంగతి తెలియును, మధ్యలో కథ నాపి, "రాజుగారి మూడవ కుమారుడు ఎటు పోయినాడురా?" అని అడుగును. అవ్వ వేసిన ఆ ప్రశ్నలోనే మేము చెప్పదలచిన విషయమంతయు నున్నది.

విద్యార్థి వినుటతో ఆగక, తరగతి జరుగుచుండగనే ఆలోచించి, ఒక నిర్ణయమునకు వచ్చి, ప్రక్కవానితో వాదించి, తన తప్పును తానే దిద్దుకొనునట్లు చేయు పద్ధతులకు క్రియాశీల బోధన అని పేరు. ఇందు మిక్కిలి ప్రసిద్ధికెక్కినది హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో ఆరంభించిన పద్ధతి. ఆయన 1984 నుండి అచ్చట పాఠములు చెప్పుచుండెను. ఉపన్యాసము చక్కగా నుండునని విద్యార్థులు మెచ్చుకొనెడివారు. కఠినమైన లెక్కలను సైతము చేసి చూపెడివారు. అరిజోనాలో డేవిడ్ హెస్టినీస్ అను ఆచార్యుడును ఆయన తోటివారును, బలము, చలనము అను విషయములపై సామాన్యమైన మాటలలో ప్రశ్నలు కూర్చి, లెక్కలు చేయగల విద్యార్థులు సైతము ఆ ప్రశ్నలకు తప్పు చెప్పుచున్నారని ప్రకటించియుండిరి. 1990లో మజూర్ ఆ ప్రశ్నలను తన తరగతికిచ్చెను. అప్పుడొక విద్యార్థి లేచి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పినట్లు సమాధానము వ్రాయవలెనా, లేక మేము మామూలుగా అనుకొనునట్లు వ్రాయవలెనా యని అడిగినట్లు మజూరే పలుమారులు చెప్పియున్నాడు. ఆ ప్రశ్నలోని అమాయకత్వము ఆయనను కలవరపెట్టినది. తాను చెప్పిన విద్య ఒక గదిలోను, విద్యార్థి నమ్మకము వేరొక గదిలోను కాపురముండుట ఆయనకప్పుడు తెలిసివచ్చినది.

అట్టి ప్రశ్న నొకదానిని మన రోడ్డుమీదికి తెచ్చి చూతము. బరువైన సరుకుల లారీయు, ఒక ఆటోయు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నవి. లారీ ఆటోమీద చూపిన బలము ఎక్కువా, ఆటో లారీమీద చూపిన బలము ఎక్కువా, రెండును సమానమా? న్యూటన్ మూడవ సూత్రమును కంఠస్థము చేసినవారిలోను పలువురు లారీ బలమే ఎక్కువని తడుముకొనక చెప్పుదురు. ఆటో నుజ్జునుజ్జు అయినది కదా! నిజమునకు రెండు బలములును సమానమే. ఆటో తేలికైనది కనుక అదే బలము దాని వేగమును ఎక్కువగా మార్చినది, ధ్వంసమైనది అందుచేత. ఈ మాట ఆచార్యుడు చెప్పగా వినుటకును, "లారీయే" అని వాదించి, ఓడి, తెలిసికొనుటకును చాల భేదమున్నది.

మజూర్ పద్ధతి యిది. పాఠములోని ఒక ముఖ్యాంశమును కొద్ది నిమిషములు చెప్పి, పైదానివంటి ప్రశ్న వేయుట. ఎవరికివారు ఆలోచించి సమాధానము నిర్ణయించుకొనుట. సరిగా చెప్పినవారు నూటికి 30 మందికన్న తక్కువైనచో పాఠము మరల చెప్పుట. 70కి మించినచో కొంచెము వివరించి ముందుకు పోవుట. నడుమ నున్నచో ప్రక్కప్రక్కవారిని వాదించుకొనుడని వదలి, పిదప మరల సమాధానము అడుగుట. ఈ రెండవసారి సరియైన సమాధానములు పెరుగుట ఆయన యనుభవము. కారణము విచారింపదగినది. ఆచార్యుడు ఆ విషయము నేర్చి ఏండ్లు గడచినవి. తాను మొదట ఎచ్చట తడబడినాడో ఆయనకు జ్ఞాపకము లేదు. ప్రక్కనున్న విద్యార్థి ఆ ముడిని ఇప్పుడిప్పుడే విప్పుకొన్నాడు. ఎచ్చట చిక్కుపడునో వానికి తెలియును.

ఇది అమెరికాలో పుట్టిన వింత యని యెవరైన అనుకొందురేమో! 1789లో మద్రాసు అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను దొర, ఈ దేశపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచు ఒకరికొకరు నేర్పుకొనుటను చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమములో ప్రవేశపెట్టి, 1797లో ఇంగ్లండులో దానిపై పుస్తకము ప్రకటించెను. దానికి అచ్చట "మద్రాసు పద్ధతి" యనియే పేరు వచ్చినది. వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలచేత చదివించుట మన తాతలు ఎరిగినదే.

ఈ పద్ధతులు మేలైనవా యను విచారణయు జరిగినది. 2014లో స్కాట్ ఫ్రీమన్ మొదలగువారు విజ్ఞానశాస్త్రములు, ఇంజనీరింగు, గణితము బోధించు తరగతులపై వెలువడిన 225 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచిరి. ఉపన్యాసము మాత్రమే విన్న తరగతులలో సగటున నూటికి 33.8 మంది తప్పగా, క్రియాశీల బోధన జరిగిన తరగతులలో 21.8 మంది తప్పిరి. నూరుగురిలో పన్నెండుగురు విద్యార్థులన్నమాట. పన్నెండు కుటుంబములవారి ఫీజులును, ఆశలును ఆ లెక్కలో నున్నవి. కాని యొక మాట. ఆ పరిశోధనలు తరగతి గదులకు సంబంధించినవి. గదిలో సాగిన పని తెరమీదను అటులే సాగునని వాటిని చూపి చెప్పుట న్యాయము కాదు. దూరమున నున్నవారి విషయములో వేరొక సాక్ష్యము వెదకవలెను.

అట్టి సాక్ష్యము మా రేడియో చరిత్రలోనే యున్నది. 1956 ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు ఆకాశవాణి పుణె కేంద్రమునుండి, యునెస్కో సాయముతో, మహారాష్ట్ర ప్రాంతములోని అయిదు జిల్లాలలో 150 గ్రామముల రైతులకు వారమునకు రెండు చొప్పున ఇరువది కార్యక్రమములు ప్రసారము చేసిరి. ప్రతి గ్రామములోను కొందరు రైతులు ఒకచోట చేరి అరగంట విని, వెంటనే విన్నదానిని గూర్చి చర్చింపవలెను. చర్చలో తేలిన సందేహములను వ్రాసి కేంద్రమునకు పంపవలెను. వాటికి సమాధానములు తరువాతి కార్యక్రమములలో వచ్చును. పాల్ న్యూరాత్ అను సామాజిక శాస్త్రవేత్త దీని ఫలితములను పరిశీలించెను. చర్చావేదికలు ఏర్పడిన గ్రామములలో రైతుల పరిజ్ఞానము మిక్కిలి పెరిగినది. రేడియో మాత్రముండి చర్చ లేని గ్రామములలో ఆ పెరుగుదల దానికి దరిదాపులకు రాలేదు. యంత్రము ఒకటే, ప్రసారము ఒకటే, భేదమంతయు విన్నవెనుక నలుగురు కూర్చుండి మాటాడుటలో నున్నది. ప్రసారకులమైన మాకు ఈ ఫలితము కొంత గర్వభంగము కలిగించునదే యైనను, ఒప్పుకొనక తప్పదు.

మన ప్రాంతమునకు దూరవిద్య క్రొత్తది కాదు. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే వెలసినది. 1991 నుండి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరున నడచుచున్నది. అచ్చు పాఠముతోపాటు అధ్యయన కేంద్రములలో ముఖాముఖి తరగతులు పెట్టుటలోని భావమును ఇదియే. అయితే పుణె ప్రాంతపు రైతులు ఒకే రచ్చబండ చుట్టు కూర్చుండిరి. నేటి విద్యార్థి తన గదిలో, లేదా ఇంటి మెట్లమీద, ఒంటరిగా నున్నాడు. ఆ రచ్చబండను యంత్రములోనే కట్టవలెను. ఎట్లు?

అరువది మంది గల తరగతి నొకదానిని ఊహింతము. గంటసేపు ఉపన్యసించు అలవాటును అధ్యాపకుడు ముందుగా విడువవలెను. వినదగిన భాగమును పది పదునైదు నిమిషముల పాఠముగా రికార్డు చేసి ముందు రోజే పంపవచ్చును. దీనికి వీడియో తప్పనిసరి యని పలువురు భ్రమపడుచున్నారు. పటము, సమీకరణము ఉన్నచోట బొమ్మ కావలసినదే. తక్కినచోట ధ్వని మాత్రము చాలును. దానితో రెండు పుటల నోట్సు జతచేసిన ఇంకను మేలు. సెకనుకు 32 కిలోబిట్ల ధ్వని గంటసేపు నడచినను పదునైదు మెగాబైట్లకు మించదు. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను, అందులోను దినమునకింత యని కొలిచి వాడుకొను డేటా గల ఇండ్లలో ఈ లెక్క చాల విలువైనది. కంఠస్వరము మాత్రమే ఆధారముగా లక్షలాది జనులకు విషయము తెలుపవచ్చునని మేమెరుగుదుము కనుక ఈ మాట ధైర్యముగా చెప్పుచున్నాము.

తరగతి ఆరంభము కాగానే ప్రశ్న తెరమీదికి రావలెను. ఒక నిమిషము ఎవరును మాటాడరాదు. పిదప పోల్ అను సదుపాయము ద్వారా ఎవరికివారు సమాధానము నొక్కుదురు. అది లేనిచోట వాట్సాప్‌లో అధ్యాపకునకు మాత్రమే ఒక అక్షరము పంపినను చాలును. ఇచ్చట నొక జాగ్రత్త కావలెను. ఏ సమాధానమునకు ఎందరు ఓటు వేసిరో చర్చకు ముందు బయటపెట్టరాదు. పెట్టినచో ఎక్కువమంది యెటున్న తక్కినవారు అటు చేరుదురు, వాదము పుట్టదు. మాటలలో వ్రాయవలసిన సమాధానమైనచో, అందరును వ్రాసి యుంచుకొని, అధ్యాపకుడు "ఇప్పుడు" అన్నప్పుడే ఒక్కసారిగా పంపవలెను. లేనియెడల మొదట వ్రాసిన తెలివైన విద్యార్థి వాక్యమే కొద్ది మార్పులతో యాభై సార్లు వచ్చును.

మౌనమును గూర్చి మా వృత్తివారము ఒక మాట చెప్పవలసియున్నది. రేడియోలో కొన్ని క్షణములు ధ్వని ఆగినచో అది దోషము. లాగుపుస్తకములో నమోదగును, సంజాయిషీ వ్రాయవలసివచ్చును. అందుచేత మాకు నిశ్శబ్దమనిన భయము. ఆన్‌లైను అధ్యాపకులకును ఈ భయము అంటుకొన్నది. ప్రశ్న వేసి, ఎవరును పలుకకపోవుటతో కంగారుపడి, తామే సమాధానము చెప్పివేయుదురు. 1970 ప్రాంతములో మేరీ బడ్ రో అను విద్యావేత్త తరగతులను పరిశీలించి, అధ్యాపకులు ప్రశ్న వేసిన పిదప సగటున ఒక సెకను మాత్రమే ఆగుచున్నారనియు, మూడు సెకనులు ఆగినంతనే సమాధానములు దీర్ఘములగుచున్నవనియు, అంతవరకు మాటాడనివారు మాటాడుచున్నారనియు గుర్తించెను. ఆన్‌లైనులో మూడు సెకనులును చాలవు. మాట తెరను దాటి చేరుటకు కొంత కాలము, మైకు మీట వెదకి నొక్కుటకు కొంత కాలము, ప్రక్కగదిలో టీవీ తగ్గింపుమని చెప్పుటకు మరికొంత! పది వరకు మనసులో లెక్కపెట్టుకొనుట మంచిది. మాకు దోషమైనది వారికి సాధనము.

ఇక వాదమునకు చిన్న గదులు. జూమ్ మొదలగు సాధనములలో తరగతిని చిన్న చిన్న జట్లుగా విడగొట్టు ఏర్పాటున్నది. దీనిని ఉపయోగించి విసిగినవారు పెక్కుమంది. "గదులలోనికి పంపితిని, అయిదు నిమిషములు మౌనముగా కూర్చుండి తిరిగి వచ్చిరి" అనుట తరచుగా వినబడు ఫిర్యాదు. ఇందు విద్యార్థుల తప్పు తక్కువ. "ఈ విషయమును చర్చింపుడు" అని పంపుట పెండ్లిపందిరిలో కొత్తవారిని కూర్చుండబెట్టి "మాటాడుకొనుడు" అన్నట్లుండును. చేయవలసిన పని ఇంత యని వ్రాసియివ్వవలెను: ఏ సమాధానము సరియైనది, ఎదుటి సమాధానములో తప్పెక్కడ, రెండు వాక్యములు. వ్రాయువారొకరు, తిరిగి వచ్చి చెప్పువారొకరు, కాలము చూచువారొకరు అని ముందే నిర్ణయింపవలెను. జట్టుకు నలుగురు తగిన సంఖ్య. ఇద్దరైనచో ఒకరి నెట్‌వర్కు పోయిన రెండవవారు శూన్యముతో మాటాడవలసివచ్చును. ఆరుగురైనచో ఇద్దరు దాగికొందురు. జట్లను ప్రతిసారి మార్చుటకన్న నెల దినములు ఒకే జట్టును ఉంచుట మేలని మా అభిప్రాయము. ముఖపరిచయము లేనివారి నడుమ చనువు ఏర్పడుటకు కాలము కావలెను.

ఈ చిన్న గదులలో నొక అమూల్యమైన సౌకర్యమున్నది. ఇంటరు వరకు తెలుగు మాధ్యమములో చదివి, ఆంగ్లములో సాగు పట్టపు తరగతికి వచ్చిన విద్యార్థి నిండు తరగతిలో నోరు విప్పడు. విషయము తెలియక కాదు, వాక్యము తప్పిపోవునేమో యను భీతిచేత. నలుగురున్న గదిలో అతడు తెలుగులో వాదింపగలడు. "ఆటో పల్టీ కొట్టింది గదా, మరి సమానమెట్లా?" అని అడుగగలడు. అధ్యాపకుడు దానిని అనుమతించుటయే కాదు, అనుమతించితినని బాహాటముగా చెప్పవలెను. సమాధానము తిరిగి తెచ్చువారు ఆంగ్లములో చెప్పుదురు గాక. ఆలోచన మాత్రము తనకు వచ్చిన భాషలో సాగనిండు. తిరిగి వచ్చినపుడు ఒక వ్యక్తిని నిలబెట్టి ప్రశ్నించుటకన్న "మూడవ జట్టువారి అభిప్రాయమేమి?" అని అడుగుటలో గౌరవమున్నది, తప్పైనచో ఆ తప్పు నలుగురిది.

కెమెరా తెరవవలెనని నిర్బంధించుట గూర్చి వాదములున్నవి. మేము నిర్బంధమునకు వ్యతిరేకులము. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కాస్టెల్లి, సార్వరీ అనువారు విద్యార్థులను విచారించి 2021లో ప్రకటించినదాని ప్రకారము, కెమెరా మూయుటకు ఎక్కువమంది చెప్పిన కారణము తమ రూపమును గూర్చిన సంకోచము. వెనుక కనిపించు మనుషులు, పరిసరములు, బలహీనమైన కనెక్షను వంటి కారణములును చెప్పిరి. ఒకే గదిలో వంటయు పడకయు గల యింటినుండి వినుచున్న యువతిని, ఇంటినంతయు తరగతికి చూపుమనుట మర్యాద కాదు. ముఖము చూచి తెలిసికొనుటకన్న సమాధానము చూచి తెలిసికొనుట నిశ్చయమైన మార్గము. ఓటు వేసినవాడు మేలుకొనియున్నాడు.

ఇదంతయు విజ్ఞానశాస్త్రములకే గాని చరిత్రకు, సాహిత్యమునకు పొసగదని కొందరందురు. అట్లనుకొన నక్కరలేదు. 1971లో టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిను పట్టణములో ఇలియట్ ఆరన్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తెల్ల నల్ల జాతుల పిల్లలు క్రొత్తగా ఒకే బడిలో చేరి కలహించుకొనుచున్న సమయమున, పాఠమును ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క యిచ్చి, అందరి ముక్కలు కలిసిననే పాఠము పూర్తియగునట్లు చేసెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన చరిత్రను ఈ పద్ధతిని చెప్పవచ్చును. 1955 నాటి ఫజల్ అలీ సంఘపు నివేదికలో తెలంగాణమును గూర్చిన భాగము ఒకరికి. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందము వేరొకరికి. నాటి పత్రికల సంపాదకీయము ఇంకొకరికి. శాసనసభ చర్చలలోని భాగము మరొకరికి. ఒకే పత్రము చదివినవారు మొదట ఒకచోట చేరి దానిని గ్రహింతురు; పిదప వేర్వేరు పత్రములు చదివిన నలుగురు ఒక గదిలో కలిసి, 2014లో ఏర్పడిన రెండు రాష్ట్రముల పూర్వచరిత్రను తామే కూర్చుకొందురు. ఎవరి ముక్క లేకున్నను బొమ్మ పూర్తికాదు. అందుచేత మౌనముగా నుండువానిని తోటివారే పలుకరింతురు.

ఇందు అధ్యాపకునకు శ్రమ ఎక్కువ. ఒక మంచి ప్రశ్న తయారుచేయుట ఒక ఉపన్యాసము తయారుచేయుటకన్న కష్టము. తప్పు సమాధానములు సైతము నమ్మదగినట్లుండవలెను గదా! సిలబసు పూర్తికాదను భయమొకటి. దీనికి పూర్తి సమాధానము మా వద్ద లేదు. సిలబసు కొంత తగ్గును; తగ్గిన భాగమును విద్యార్థి స్వయముగా చదువుకొనవలెను. అన్నిటికన్న పెద్ద అడ్డంకి పరీక్ష. తరగతిలో ఆలోచింపుమని చెప్పి, సంవత్సరాంతమున "క్లుప్తముగా వ్రాయుము" అని కంఠపాఠమును అడిగినచో, విద్యార్థి చర్చను మాని గైడు కొనుక్కొనును. అందు వాని దోషమేమియు లేదు. చర్చలో పాల్గొన్నందుకు కొన్ని మార్కులు, తరగతిలో వేసినవంటి ప్రశ్నలు కొన్ని పరీక్షలో లేనిదే ఈ ప్రయత్నము నిలువదు. ఇది అధ్యాపకుని చేతిలోని పని కాదు, విశ్వవిద్యాలయములు పూనుకొనవలసినది.

విద్యార్థులే మొదట ఈ పద్ధతిని మెచ్చకపోవచ్చును. 2019లో హార్వర్డులోనే లూయీ డెలోరియే మొదలగువారు ఒక పరీక్ష జరిపిరి. ఒకే భౌతికశాస్త్ర విషయమును కొందరికి చక్కని ఉపన్యాసముగాను, కొందరికి క్రియాశీల పద్ధతిలోను చెప్పించిరి. రెండవవారు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకొనిరి. కాని తాము తక్కువ నేర్చుకొన్నామని వారే అభిప్రాయపడిరి. నున్నని ఉపన్యాసము వినుచుండగా అంతయు తెలిసినట్లుండును. తానే త్రవ్వుకొనుచున్నపుడు చేతులు నొచ్చును. ఈ సంగతిని మొదటి తరగతిలోనే విద్యార్థులతో చెప్పుట మంచిది.

రేడియో పెట్టుకొను గృహములలోని తలిదండ్రులకు ఒక మనవి. మీ కుమార్తె చెవిలో తీగ పెట్టుకొని, ఫోను ఎదుట, "కాదు కాదు, నువ్వు చెప్పింది తప్పు" అని బిగ్గరగా వాదించుచున్నచో, అది స్నేహితులతో కాలక్షేపమని తొందరపడి కసరుకొనకుడు. అది తరగతి కావచ్చును. వెనుకటి దినములలో పిల్లలు బిగ్గరగా చదివినచో చదువుచున్నారని సంతోషించెడివారము. నేడు బిగ్గరగా వాదించుట అట్టిది. ఆ గంటసేపు ఇంటిలోని ఒక మూలను, ఒక ఫోనును ఆమెకు విడిచిపెట్టుడు. అన్నకు తరగతియున్నదని చెల్లెలి చేతిలోని ఫోను తీసికొనుట అనేక గృహములలో జరుగుచున్నది. వంతులు వేసికొనుటకు తరగతుల పట్టికను ఇద్దరిదియు గోడమీద అంటించుకొనవచ్చును.

తరగతి చివరి రెండు నిమిషములును అధ్యాపకుడు మాటాడక విద్యార్థులకు విడువవలెను. నేడు తెలిసినది ఒక వాక్యములో, ఇంకను తెలియనిది ఒక వాక్యములో, ప్రతియొకరును వ్రాసి పంపుదురు. నెట్‌వర్కు తెగిపోయినవారు రాత్రిలోగా పంపవచ్చును. వాటినన్నిటిని దిద్దనక్కరలేదు, చదివిన చాలును. మరునాటి తరగతి ఆ రెండవ వాక్యములలో మూడు నాలుగింటిని, పేర్లు చెప్పక, చదువుటతో మొదలు కావలెను. ఒకే ముడి ఎక్కువమందికి పడియున్నచో క్రొత్త పాఠము ఇంకొక దినము ఆగవచ్చును.